చక్రాల కుర్చీలోని శస్త్రవైద్యురాలు: డాక్టర్ మేరీ వర్గీస్

అనువాద పనిలో చాలాకాలము గడిపిన వారిని కొన్ని మాటలు ఏండ్ల తరబడి వెంటాడుతూ ఉంటాయి. నన్ను అట్లు వెంటాడిన మాటలలో పునరావాసము ఒకటి. గాయపడినవారిని, అవయవములు చచ్చుబడినవారిని తిరిగి జీవితమునకు సిద్ధపరచే వైద్యశాఖకు తెలుగులో ఈ పేరే వాడుచున్నాము. వరదలలో ఇండ్లు కొట్టుకొనిపోయిన వారికి, ఆనకట్ట నీటిలో ఊళ్ళు మునిగిపోయిన వారికి ప్రభుత్వము వేరొక చోట కల్పించే నివాసమునకు కూడ ఇదే మాట. రెండు వేరువేరు విషయములకు ఒకే మాట వాడుట భాషా దారిద్ర్యమని చాలాకాలము అనుకొన్నాను. డాక్టర్ మేరీ వర్గీస్ గారి జీవితమును శ్రద్ధగా చదివిన తరువాత నా అభిప్రాయము మారింది. ఇల్లు పోగొట్టుకొన్న మనిషి క్రొత్త చోట కాపురముండుట నేర్చుకొన్నట్లే, తన దేహములోనే సగభాగము మీద అధికారమును పోగొట్టుకొన్న మనిషి మిగిలిన దానిలో తిరిగి కాపురముండుట నేర్చుకోవాలి. ఆమె చేసినది అదే. తరువాత వందలమందికి నేర్పినది కూడ అదే.

మేరీ గారు 1925 మే 26న కొచ్చి సమీపములోని చెరాయి అనే సముద్రతీర గ్రామములో జన్మించారు. తండ్రి సంఘములో పెద్ద, ఊరిలో గౌరవము గల మనిషి. ఎర్నాకుళములోని మహారాజా కళాశాలలో చదువు ముగించుకొని 1946లో రాయవేలూరులోని క్రైస్తవ వైద్య కళాశాలలో చేరారు. ఆ సంస్థను గురించి తెలుగు పాఠకులకు విపులముగా చెప్పనక్కరలేదు. చిత్తూరు దాటితే రాయవేలూరు ఎంతో దూరము కాదు. తలిదండ్రులనో బిడ్డలనో వెంటబెట్టుకొని ఆ ఆసుపత్రి వరండాలలో నిరీక్షించిన కుటుంబములు మన సంఘములలో ఎన్నో ఉన్నాయి. 1900లో ఒకే మంచముతో ఆ పనికి నాంది పలికిన ఐడా స్కడ్డర్ గారు ఏ ఆర్కాటు మిషనుకు చెందినవారో, మదనపల్లెలో తెలుగువారి మధ్య పనిచేసినది కూడ ఆ మిషనే. 1918లో స్త్రీల వైద్య పాఠశాలగా మొదలైనది మేరీ గారు చేరేనాటికి పూర్తి వైద్య కళాశాలగా రూపొందుచున్నది.

1952లో ఆమె వైద్య పట్టభద్రురాలయ్యారు. స్త్రీల వ్యాధులలో, ప్రసూతి వైద్యములో ప్రావీణ్యము సంపాదించవలెనన్నది ఆమె కోరిక. మన దేశములో స్త్రీ వైద్యురాలి అవసరము ఎంత ఉన్నదో ఎరిగిన కోరిక అది. అందులో తప్పుపట్టవలసినది ఏమియు లేదు. దేవుడు దానిని ఎందుకు నెరవేర్చలేదని ఎవరైన అడిగితే నా యొద్ద జవాబు లేదు. ఆ జవాబు తమకు తెలుసునని చెప్పేవారిని చూస్తే నాకు కొంచెము భయము.

1954 జనవరి 30, శనివారము. తోటి యువ వైద్యులతో కలిసి ఆమె విహారయాత్రకు బయలుదేరారు. త్రోవలో వారి వాహనము బోల్తా పడింది. ఆమె ముఖమునకు తీవ్రమైన గాయము తగిలి, శాశ్వతమైన మచ్చ మిగిలింది. అంతకన్న పెద్ద గాయము కంటికి కనబడనిది. వెన్నుపాము దెబ్బతిని నడుము నుండి క్రిందికి కదలిక, స్పర్శ రెండును పోయాయి. అప్పటికి ఆమె వయస్సు 28 సంవత్సరములు.

ఆ రోజులలో ఇట్టి గాయమునకు అర్థమేమిటో నేటివారు ఊహించుట కష్టము. మొదటి ప్రపంచ యుద్ధములో వెన్నుపాము తెగిన సైనికులలో అత్యధికులు కొద్దికాలములోనే మరణించారు. వారిని చంపినది వెన్నెముక గాయము కాదు. పడక పుండ్లు, మూత్రపిండములకు సోకిన చీము. స్పర్శ లేని శరీరము ఒకే భంగిమలో ఉండిపోతే ఒత్తిడి పడిన చోట రక్తప్రసరణ ఆగుతుంది, చర్మము చనిపోతుంది, పుండు ఎముక వరకు దిగుతుంది. రోగికి మాత్రము నొప్పి తెలియదు. జర్మనీ నుండి ఇంగ్లండునకు శరణార్థిగా వచ్చిన యూదు వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ 1944లో స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో ఈ నిరాశను ఎదిరించారు. రాత్రింబవళ్ళు కొన్ని గంటలకొకసారి రోగిని ప్రక్కకు త్రిప్పుట, మూత్రకోశమును శుభ్రముగా కాపాడుట, కూర్చుండబెట్టి పని నేర్పుట అనే మూడు సాధారణమైన పనులతో వారిని బ్రతికించవచ్చునని నిరూపించారు. మేరీ గారికి ప్రమాదము జరిగిననాటికి ఆ జ్ఞానము పుట్టి పదేండ్లు మాత్రమే. మన దేశములో దానికంటూ ప్రత్యేకమైన సంస్థ ఇంకను ఏర్పడలేదు. గాయపడినది ఒక వైద్యశాల ఒడిలో గనుక ఆమె బ్రతికారు. అదే గాయము అదే సంవత్సరము ఒక తాటిచెట్టు మీదనుండి పడిన గీతకార్మికునికి తగిలి ఉంటే, ఆ మనిషి గతి వేరుగా ఉండేది. ఈ సంగతి ఆమెకు తెలియనిది కాదు.

మంచము మీద గడచిన నెలలను గురించి నేను ఎక్కువ వ్రాయను. శస్త్రచికిత్సలు జరిగాయి. నడక తిరిగి రాలేదు. విశ్వాసము గల స్త్రీ గనుక ఆమె బాధపడలేదన్నట్లు వ్రాసే జీవిత చరిత్రలు మనలో చాలా ఉన్నాయి. అవి సత్యమునకు మేలు చేయవు. చేతులతో సేవ చేయవలెనని ఏండ్ల తరబడి శ్రమించిన వైద్యురాలు, తన స్నానమునకు కూడ ఇతరుల చేతుల మీద ఆధారపడవలసి వచ్చినప్పుడు కలిగే వేదన చిన్నది కాదు.

ఈ దశలో ఆమె ముందు ఒక మార్గమును ఉంచినవారు డాక్టర్ పాల్ బ్రాండ్. మన దేశములోనే, కొల్లి కొండలలో, మిషనెరీ దంపతులకు 1914లో జన్మించిన ఈయన 1946లో రాయవేలూరునకు ఎముకల శస్త్రవైద్యునిగా వచ్చారు. కుష్ఠురోగుల చేతులు ఎందుకు ముడుచుకొనిపోతున్నాయో, వ్రేళ్ళు ఎందుకు కురచబడుచున్నాయో పరిశీలించినవారు ఈయన. కుష్ఠువ్యాధి వ్రేళ్ళను తినివేయుననియే అంతవరకు అందరి నమ్మకము. బ్రాండ్ గారు కనుగొన్నది వేరు. వ్యాధి నరములను చంపుతుంది. నరము చనిపోతే నొప్పి తెలియదు. నొప్పి తెలియని చేయి కాలిన గిన్నెను వదలదు, ముల్లు గ్రుచ్చుకొన్నను ఆగదు. ఆ పుండ్ల వలననే వ్రేళ్ళు నశిస్తున్నాయి. మరియు ముంజేతిలోని కొన్ని బలమైన కండరములు వ్యాధి సోకక మిగిలే ఉంటాయి గనుక, అట్టి కండరపు స్నాయువును ఒకదానిని దాని చోటినుండి విడదీసి, చచ్చుబడిన వ్రేళ్ళకు కలిపి కుట్టినయెడల ముడుచుకొన్న చేయి మరల విచ్చుకొంటుంది. 1940వ దశాబ్దపు చివరి సంవత్సరములలో మొదలైన ఈ శస్త్రచికిత్స లోకప్రసిద్ధమైనది.

బ్రాండ్ గారి సూచన చాలా సరళమైనది. కడుపు కోసి చేసే శస్త్రచికిత్సకు వైద్యుడు గంటల తరబడి నిలుచుండాలి. చేతి శస్త్రచికిత్స అట్టిది కాదు. రోగి చేతిని చిన్న బల్లమీద ఉంచి, నిలుకడగా కూర్చొని చేయవలసిన సున్నితమైన పని అది. రెండు కాళ్ళు బాగున్న వైద్యుడు కూడ దానిని కూర్చొనియే చేస్తాడు. అట్లయితే ఆ కుర్చీకి చక్రములు ఉన్నంతమాత్రమున అడ్డేమిటి? నేను ఈ ఘట్టమును చదివిన ప్రతిసారియు ఆగి ఆలోచిస్తాను. ఆమెను ఓదార్చుటకు అనేకులు మాటలు తెచ్చి ఉంటారు. ఈయన ఒక పనిని తెచ్చారు. అది జాలితో కల్పించిన పని కూడ కాదు. వందలాది రోగులు వేచియుండగా చేయు చేతులు చాలక ఆగియున్న నిజమైన పని.

ఆమె నేర్చుకొన్నారు. చక్రాల కుర్చీలో ఆపరేషన్ థియేటర్‌లోనికి వెళ్ళి, కుష్ఠురోగుల ముడుచుకొన్న వ్రేళ్ళను చాచే శస్త్రచికిత్సలు స్వయముగా చేశారు. సమాజము వెలివేసినవారి యెదుట, ముఖముపై మచ్చతో, కదలని కాళ్ళతో ఒక వైద్యురాలు ప్రత్యక్షమైనప్పుడు, ఏ ప్రసంగమునకు కరుగని నిరాశ కూడ కరిగేది. ఆమెకును వారికిని మధ్య మరియొక బంధుత్వము ఉన్నది. వారి చేతులలో స్పర్శ లేదు, ఆమె కాళ్ళలో స్పర్శ లేదు. ప్రతిదినము తమ చేతులను కంటితో వెదకి చూచుకొని గాయములను కనుగొనవలెనని కుష్ఠురోగులకు నేర్పేవారు. వెన్నుపాము దెబ్బతిన్నవారు తమ కాళ్ళ విషయములో చేయవలసినది కూడ సరిగా అదియే. నొప్పి చేయవలసిన కాపలాను కన్ను చేయాలి. రోగికి చెప్పే నియమమును వైద్యురాలు తన దేహములో పాటించవలసి వచ్చింది.

మరియొక సంగతి ఈ చేతుల చికిత్సలో బయటపడింది. చేతులు బాగుపడిన రోగులలో కొందరికి బిచ్చము పుట్టుట మానింది. వంకరపోయిన చేతిని చూచి కానీ వేసినవారు చక్కని చేతిని చూచి వేయలేదు. అద్దెకు గది ఇచ్చేవారు లేరు, పనిచ్చేవారు లేరు. చికిత్స ముగిసిన చోటనే మనిషి కష్టము మరల మొదలగుచున్నదని గ్రహించిన బ్రాండ్ గారు 1951లో కళాశాల ఆవరణలో నవజీవ నిలయము అనే చిన్న కేంద్రమును స్థాపించి, చేతిపనులు నేర్పించారు. పునరావాసము అనే మాటకు అర్థము మేరీ గారికి గ్రంథములలో కాక ఇక్కడనే, రోగుల చేతులలోనే, మొదట కనబడి ఉండవలెనని నా ఊహ.

అయినను ఆమె స్వయముగా ఇంకను ఇతరులు ఎత్తి దించే మనిషియే. తన సొంత దేహములో తాను కాపురముండుటకు ఇంకొకరు నేర్పాలి. దాని కొరకు సముద్రములు దాటవలసి వచ్చింది. మొదటి ప్రయాణము ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమునకు. అక్కడి షెంటన్ పార్కులో డాక్టర్ జార్జ్ బెడ్‌బ్రూక్ 1954లోనే, అనగా ఆమె గాయపడిన సంవత్సరములోనే, వెన్నుపాము గాయముల వారి కొరకు ప్రత్యేక విభాగమును ప్రారంభించి ఉన్నారు.

కదలని కాళ్ళతో దూరదేశమునకు ప్రయాణము చేయుట ఎట్టిదో నడిచేవారము మనము ఆలోచించము. మనకు ప్రయాణమనగా టిక్కెట్టు, పెట్టె, సమయము. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి అది మెట్లు, గడపలు, ఇరుకైన తలుపులు. ప్రతి మజిలీలో తన బరువును ఎవరు ఎత్తుతారు, ఎట్లు ఎత్తుతారు అనే ప్రశ్న. కూర్చున్నచోట మాటిమాటికి చేతులపై ఆనుకొని దేహమును పైకెత్తి ఒత్తిడి తగ్గించకపోతే గమ్యము చేరునప్పటికి పుండు పడి ఉంటుంది. మరుగుదొడ్డి ఎక్కడ, ఎట్లు అనే చింత మంచినీరు త్రాగుటకు కూడ వెనుదీయునట్లు చేస్తుంది. నీరు త్రాగకపోతే మూత్రపిండములకు ముప్పు. ఆ కాలపు మన రైళ్ళకు ఎత్తైన మెట్లే గాని వాలుదారి ఎక్కడిది? బరువైన కుర్చీతో సహా మనుష్యుల భుజముల మీదుగా సాగిన యుగమది.

పెర్త్‌లో ఆమె నేర్చుకొన్నవి చెప్పుటకు చాలా చిన్నవి. మంచము నుండి కుర్చీలోనికి తానే జరుగుట. కుర్చీ నుండి వాహనములోనికి మారుట. దుస్తులు తానే ధరించుట. పసిబిడ్డ ఒకసారి నేర్చుకొని మరచిపోయే ఈ పనులను ఒక శస్త్రవైద్యురాలు ముప్పది ఏండ్లు దాటిన తరువాత కొద్దికొద్దిగా తిరిగి నేర్చుకొన్నారు. అయితే ఆమె అక్కడ రోగిగా మాత్రమే లేరు. వైద్యురాలి కన్నులతో కూడ చూచుచున్నారు. తనకు జరుగుచున్నది తన దేశములో ఎవరికిని జరుగుట లేదని చూచారు. చేతుల శస్త్రచికిత్సతో తృప్తిపడి ఉండవచ్చును. ఆమె అట్లు ఉండలేదు.

రెండవ ప్రయాణము న్యూయార్కునకు. అక్కడ డాక్టర్ హోవర్డ్ రస్క్ నడిపిన సంస్థ ఈ రంగములో ప్రపంచమునకే పాఠశాల. యుద్ధకాలములో గాయపడిన విమాన సైనికులను మంచము మీద ఊరక పడుకొనబెట్టుట వారికి హాని చేయుచున్నదని గమనించిన వైద్యుడు రస్క్. వ్యాధిని నివారించుట మొదటిది, నయముచేయుట రెండవది, నయము కానిదానితో మనిషిని జీవింపజేయుట మూడవది, వైద్యమునకు ఈ మూడవ దశ కూడ ఉన్నదని ఆయన బోధించేవారు. మేరీ గారు ఆ సంస్థలో ఈసారి రోగిగా కాక వైద్యురాలిగా చేరి, ప్రత్యేక శిక్షణ పొంది, 1962లో రాయవేలూరునకు తిరిగి వచ్చారు. పరదేశములో వాలుదారులు ఉన్నాయి, మన దేశములో మెట్లు ఉన్నాయి. అది తెలిసియే ఆమె తిరిగి వచ్చారు.

1963లో ఆమె క్రైస్తవ వైద్య కళాశాలలో ఫిజికల్ మెడిసిన్, పునరావాస విభాగమునకు మొదటి అధిపతి అయ్యారు. 1966 నవంబరులో రాయవేలూరు శివారున బాగాయములో, వెన్నుపాము గాయములవారు నెలల తరబడి ఉండి నేర్చుకొనుటకు వీలైన ప్రత్యేక సంస్థ ఆమె నాయకత్వమున తెరువబడింది. దేశములో అట్టివానిలో అది మొదటిది. న్యూయార్కులో నేర్చినదానిని ఉన్నదున్నట్లు దించిన అనువాదము కాదది. అనువాదకుడను గనుక ఈ పోలిక వాడుచున్నాను. అమెరికా రోగి తిరిగి వెళ్ళేది నున్నని నేల, వెడల్పైన వీధి ఉన్న ఊరికి. మన రోగి తిరిగి వెళ్ళేది మట్టినేల, ఎత్తైన గడప, పొలములోని మరుగు, బావి గట్టు ఉన్న ఇంటికి. పాశ్చాత్య దేశములలో కొన్ని పనులకు జీతమునకు నర్సు వచ్చును. ఇక్కడ తల్లియో, భార్యయో, తమ్ముడో చేయాలి. అందుచేత రోగితోపాటు ఇంటివారిని కూడ చేర్చుకొని నేర్పుట అక్కడి పద్ధతి. ఎట్లు త్రిప్పాలి, ఎట్లు ఎత్తాలి, పుండు పడకముందే చర్మపు రంగును చూచి ఎట్లు పసిగట్టాలి, ఇవన్నియు వారికి తెలియాలి. రోగికి బ్రతుకుతెరువు చూపే పని కూడ చికిత్సలో భాగమే. ఇంటికి వెళ్ళినవారు పూర్వ విద్యార్థులవలె మరల వచ్చి కలిసికొనే మేళా ఒకటి ఆ సంస్థలో నడుస్తూ వచ్చింది.

క్రొత్తగా గాయపడి, గోడవైపు తిరిగి పడుకొన్న యువకుని యొద్దకు చక్రాల కుర్చీలో వచ్చిన వైద్యురాలు, నీ బాధ నాకు తెలుసును అనే మాటను నోటితో చెప్పనవసరము లేదు.

మన సంఘముల విషయము ఒకటి ఇక్కడ చెప్పాలి. నాకు తెలిసిన ఒక ఆలయమునకు తొమ్మిది మెట్లు. కాళ్ళు చచ్చుబడిన ఒక సహోదరుని స్వస్థత కొరకు మేము ప్రతి ఆదివారము ఆ మెట్లపైన లోపల ప్రార్థించేవారము. ఆయన ఇంటియొద్దనే ఉండేవాడు. ఆ మెట్ల ప్రక్కన ఒక వాలుదారి కట్టవలెనని మాకు తోచుటకు చాలా ఏండ్లు పట్టింది. తోచనివారిలో నేనును ఒకడను, అప్పటికే వేదాంత పట్టము నా గోడమీద వ్రేలాడుచున్నది. రెండవ సమూయేలు గ్రంథము తొమ్మిదవ అధ్యాయములో మెఫీబోషెతు చరిత్రను ఎన్నోమార్లు బోధించియున్నాను. యోనాతాను కుమారుడు, రెండు కాళ్ళు కుంటివాడు, దావీదు బల్లయొద్ద నిత్యము భోజనము చేసినవాడు. ఆ అధ్యాయము చివరి వచనము అతని కుంటితనమును మరల జ్ఞాపకము చేస్తుంది. రాజు బల్లయొద్ద చోటు దొరికినది గాని కాళ్ళు బాగుపడలేదు. ఆ చివరి మాటను బోధకులము తరచుగా దాటివేస్తాము. మేరీ గారి చరిత్రను చదివిన తరువాత దానిని దాటివేయుట నాకు కష్టమైనది. స్వస్థత కొరకు ప్రార్థించుట తప్పని నా భావము కాదు. చోటు కల్పించుట మన చేతిలో ఉన్నదని, దానికి ఏ అద్భుతమును అక్కరలేదని మాత్రము చెప్పగలను.

భారత ప్రభుత్వము 1972లో ఆమెకు పద్మశ్రీ బిరుదునిచ్చి గౌరవించింది. వికలాంగులకు సమాన అవకాశములు, రాకపోకలకు అనువైన కట్టడములు ఉండవలెనని మన దేశములో చట్టము వచ్చినది 1995లో. అనగా ఆమె పద్మశ్రీ పొందిన తరువాత ఇరువది మూడు ఏండ్లకు. దానికన్న విస్తృతమైన చట్టము 2016లో వచ్చింది. ఆమె పని మొదలుపెట్టిన నాటికి అండగా ఏ చట్టమును లేదు. తన చరమ దశలో వికలాంగులకు వృత్తి శిక్షణనిచ్చుట కొరకు ఆమె తన పేర ఒక ట్రస్టును ఏర్పరచారు. పనిచేయు చేతులకు పని దొరకాలన్న నవజీవ నిలయపు పాఠమును ఆమె చివరి వరకు మరువలేదు.

1986 డిసెంబరు 17న ఆమె రాయవేలూరులో ప్రభువునందు నిద్రించారు. వయస్సు 61 సంవత్సరములు. అందులో దాదాపు 33 సంవత్సరములు, సగముకన్న ఎక్కువ ఆయుస్సు, ఆ కుర్చీలోనే గడిచింది. వైద్యురాలిగా ఆమె చేసిన పనిలో రెండేండ్లు తప్ప తక్కినదంతయు ఆ కుర్చీనుండి చేసినదే. బాగాయములోని సంస్థకు తరువాత ఆమె పేరు పెట్టారు. చిత్తూరు మీదుగా ఇప్పటికిని తెలుగు కుటుంబములు గాయపడిన కుమారులను, భర్తలను అక్కడికి తీసుకొని వెళ్ళుచున్నాయి. మొదటి దినములలో వారు అడిగేది ఒకటే, ఎప్పుడు నడుస్తాడు అని. నెలలు గడిచి ఇంటికి బయలుదేరే ముందు వారిలో చాలామంది తమ ఇంటి గడప ఎత్తును కొలిచి, దానిని ఎట్లు చదును చేయాలో అడిగి తెలిసికొంటారు.